నలభై దాకా లెక్క

అతన్ని ఇంట్లోవాళ్లూ బయటివాళ్లూ పెంగ్విన్ అనే పిలిచేవారు. కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమ్ లినక్స్‌కి గుర్తు ఆ పక్షి బొమ్మే కదా. అతని బ్యాగు మీదా, హెల్మెట్ మీదా, చివరికి మంచినీళ్ల సీసా మీదా ఆ బొమ్మే అంటించి ఉండేది. దానికి తోడు కాస్త బొజ్జ, పొట్టి పొట్టి అడుగుల నడక. ఇక వేరే పేరు ఎవరు పెడతారు చెప్పండి? కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం అతనిది. అక్కడికి చెడిపోయిన కంప్యూటర్ పట్టుకొచ్చినవాడు బాగుపడ్డ కంప్యూటర్‌తో పాటు ఒక ఉపన్యాసం కూడా మోసుకుపోవాల్సిందే. కొన్న సిస్టమ్ అద్దె ఇల్లు లాంటిది, గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాడిని అడగాలి, లినక్స్ అయితే సొంతిల్లు అని మొదలుపెట్టేవాడు. వినేవాడికి ఇంటికెళ్లే తొందర ఉందో లేదో అతనికి పట్టేది కాదు.

అతని మాటల్లో అబద్ధం ఉందా అంటే, లేదు. అదే వచ్చిన చిక్కు. అతని బావ, అంటే అక్క మొగుడు, ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తా. అక్కడ మూలన పడేసిన మూడు పాత కంప్యూటర్లకి పెంగ్విన్ లినక్స్ ఎక్కించి ఇచ్చాడు. అవి ఆరేళ్లుగా పిలిస్తే పలుకుతున్నాయి. వైరస్ గొడవ లేదు, లైసెన్సు గొడవ లేదు, మధ్యలో ఆగిపోయి మొరాయించడం లేదు. హెడ్‌మాస్టరు ఇతన్ని పిలిచి మరీ మెచ్చుకున్నాడు. ఒకసారి గెలుపు రుచి మరిగినవాడు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఇతగాడు అక్క దగ్గర కూడా ఆగలేదు.

అక్క ఇతనికన్నా ఆరేళ్లు పెద్ద. ఇరవై రెండో ఏట ఆమెకి చూపు పోయింది. పోయిన చూపు గురించి ఆమె ఎవరి దగ్గరా ఏడ్చింది లేదు, ఏడాది తిరిగేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని టైపు నేర్చుకుంది. ఒక వకీలు గారి ఆఫీసు నుంచి సాక్షుల మాటలు రికార్డు చేసి పంపుతారు. ఆమె అవి విని టైపు చేసి, తిరిగి కంప్యూటర్ చేత చదివించుకుని, తప్పులు దిద్ది పంపుతుంది. చదివేది కంప్యూటర్‌లో ఉండే ఒక ఆడగొంతు. ఎనిమిదేళ్లుగా అదే గొంతు, ఆమె దాన్ని 'మా అమ్మాయి' అనేది. మా అమ్మాయి ఎంత జోరుగా చదివేదంటే, పక్కన కూర్చున్నవాళ్లకి డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు వినపడేది తప్ప ఒక్క మాట అర్థమయ్యేది కాదు. అక్కకి మాత్రం అక్షరం పొల్లుపోయేది కాదు. రోజుకి ఇరవై పేజీలు అలవోకగా చేసేది.

ఒకరోజు వైరస్ పడి ఆమె పని మొత్తం పాడైంది. ఆ కంప్యూటర్‌లో ఉన్న విండోస్ అసలుది కాదు, దొంగ కాపీ. ఎనిమిదేళ్ల కిందట దాన్ని ఎక్కించింది ఎవరనుకున్నారు, ఈ పెంగ్వినే. అప్పటికి ఇంకా జ్ఞానోదయం కాలేదు లెండి. అక్క ఫోను చేయగానే ఇతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. రెండు గంటల్లో వాలిపోయి, ఆమె వంటింట్లో ఉండగానే మొత్తం తుడిచేసి లినక్స్ ఎక్కించేశాడు. తుడిచేముందు అన్నీ జాగ్రత్తగా దాచానని నమ్మకంగా చెప్పాడు. ఉత్తరాలు దాచాడు, పాటలు దాచాడు, పెళ్లి ఫోటోలు ఆల్బమ్ ఆల్బమ్‌గా సర్ది దాచాడు.

అక్క వచ్చి కూర్చుని, కాసేపు మీటలు నొక్కి చూసి, "మా అమ్మాయికి నేను నేర్పిన మాటలు ఎక్కడ పెట్టావురా?" అంది.

ఏ మాటలు అన్నాడు ఇతను. అప్పుడు చెప్పింది. ఆ గొంతు మొదట్లో వకీళ్ల మాటలన్నీ, మనుషుల ఇంటిపేర్లన్నీ తప్పుగా పలికేదట. తప్పు పలికినప్పుడల్లా ఇది ఇలా పలకాలి అని ఒక జాబితాలో రాసేదట. ఎనిమిదేళ్లలో రెండు వేల పైచిలుకు మాటలయ్యాయట. కళ్లున్నవాడు కాబట్టి అలాంటి జాబితా ఒకటి ఉంటుందనే ఊహ ఇతనికి కలలో కూడా రాలేదు. చూడలేని మనిషికి ఫోటోలు భద్రంగా దాచిపెట్టి, ఆమె చెవికి కావలసింది మాత్రం తుడిచిపెట్టాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఒక్క క్షణం. కానీ ఆ క్షణం దాటగానే నోరు లేచింది. పోనీలే అక్కా, ఇది అంతకన్నా తెలివైన సిస్టమ్, నాలుగు రోజులు వాడితే అదే అలవాటవుతుంది అన్నాడు.

అక్క "సరేలే" అంది.

అక్కల సరేలేకి అర్థం తమ్ముళ్లకి తెలిసి ఉంటే ఎన్నో ఇళ్లు ఎప్పుడో బాగుపడేవి. ఇతను మాత్రం దాన్ని మెప్పు కింద జమకట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ తరవాత మూడు నెలల పాటు అక్కే ఇతని ఉపన్యాసాలకి ముఖ్యమైన సాక్ష్యం. ఊళ్లో ఉచిత సాఫ్ట్‌వేర్ సంఘం ఒకటి ఉంది. పాతికమంది సభ్యులు, ఒక రిటైరైన లెక్చరరు అధ్యక్షుడు. అక్కడ ఎవరు ఏ అనుమానం ఎత్తినా పెంగ్విన్ ఒంటికాలి మీద లేచేవాడు. కష్టమంటారేంటి, కళ్లు లేని మా అక్క వాడుతోంది, కళ్లున్న మీకేం రోగం అనేవాడు. అందరూ నవ్వేవారు, అధ్యక్షుడు భుజం తట్టేవాడు. ఒక మాట నాలుగుసార్లు చెప్పాక దాన్ని చెప్పినవాడే ముందు నమ్ముతాడు. అక్క దగ్గరికి వెళ్లి నిజంగా ఎలా ఉందని ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా నిలబెట్టి అడగలేదు. బాగుందా అని ఫోనులో అడగడం, బాగానే ఉంది అనిపించుకోవడం, అంతే.

ఈలోగా పెద్ద లైబ్రరీలో చూపులేనివాళ్ల కోసం కొత్త గది కడుతున్నారనీ, అందులో ముప్పై కంప్యూటర్లు పెడతారనీ తెలిసింది. వాటిలో ఏ సిస్టమ్ ఉండాలో లైబ్రరీ ఆఫీసరు తేల్చాలి. సంఘం తరఫున ఆమెని కలిశారు. మాటలు వద్దు, వాడుతున్న మనిషిని చూపించండి అంది ఆవిడ. ఇంకేం, వచ్చే ఆదివారం పొద్దున లైబ్రరీ హాల్లో మా అక్క చదివి చూపిస్తుంది అని పెంగ్విన్ మాటిచ్చేశాడు. మాటిచ్చాకే అక్కకి ఫోను చేసి చెప్పాడు. అక్క మళ్లీ సరేలే అంది.

గురువారం మధ్యాహ్నం బావ దుకాణానికి వచ్చాడు. ఎప్పుడూ అటువైపు రాని మనిషి. స్టూలు మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, నాన్చకుండా విషయం చెప్పేశాడు. కొత్త గొంతు నత్తిగా పలుకుతోంది, జోరు పెంచితే అర్థం కావడం లేదు, పేర్లన్నీ తప్పు. ప్రతి మాటా అక్షరం అక్షరం నొక్కి చూసుకోవలసి వస్తోంది. ఇరవై పేజీలు పోయి ఆరుకి దిగాయి. ఒంట్లో బాగాలేదా అని వకీలు గారు మర్యాదగా రెండుసార్లు అడిగి, మూడోసారి నెలాఖరు దాకా చూస్తానని చెప్పేశారట. ఆ తరవాత పని ఇంకొకరికి పోతుంది.

"ఆవిడ నీకు చెప్పొద్దంది," అన్నాడు బావ. "నువ్వు చిన్నబుచ్చుకుంటావట. నేను చెబుతున్నాను. పాతది మళ్లీ పెట్టెయ్. ఈసారి కొనే పెడదాం."

పెంగ్విన్ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. మనిషన్నవాడు అప్పుడే దుకాణం షట్టరు దించి అక్క దగ్గరికి పరుగెత్తాలి. పరుగెత్తలేదు. ఆదివారం కళ్ల ముందు కనపడింది, ఆఫీసరు కనపడింది, అధ్యక్షుడి చెయ్యి భుజం మీద పడ్డట్టయింది. మూడు రోజులే కదా అనుకున్నాడు.

"ఆదివారం దాకా ఆగండి బావా," అన్నాడు. "డెమో అయిన సాయంత్రమే మార్చేస్తాను."

తన సొంత అక్కకి పనికిరాదని తేలిపోయినదాన్ని ముప్పైమందికి పెట్టమని అదే అక్క నోట చెప్పిస్తున్నానని అతనికి తెలియక కాదు. తెలుసు. ఆ తెలిసినదాన్ని పక్కకి తోసెయ్యడానికి కారణాలు వెతుక్కున్నాడు. అక్కది పాత అలవాటు, కొత్తవాళ్లకి ఈ బాధ ఉండదు. గొంతు సంగతి తరవాత బాగుచేద్దాం. ముందు గదిలో అడుగు పడనీ. ఇలా సర్దుకుంటూ పోతే ఏ తప్పుకైనా చోటు దొరుకుతుంది.

బావ టోపీ పెట్టుకుని లేచాడు. "ఆగుతాంలే. మూడు నెలలు ఆగినవాళ్లం," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది పెంగ్విన్‌కి.

ఆదివారం హాల్లో అరవైమంది దాకా వచ్చారు. ముందు వరసలో ఆఫీసరు, పక్కన అధ్యక్షుడు. చూపులేనివాళ్లు ఏడెనిమిదిమంది కర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇతను ముందుగానే వచ్చి, అక్క ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, అంతా తాజాగా ఉండాలని సిస్టమ్ అప్‌డేట్ చేశాడు. ప్రొజెక్టరు వద్దన్నాడు. మైకు తీసుకుని, మా అక్కకి తెర అక్కర్లేదు, మీకెందుకు, కళ్లు మూసుకుని వినండి అన్నాడు. ఆ ముక్క రెండు రోజుల ముందే అద్దం ముందు నిలబడి అనుకుని పెట్టుకున్నాడు. బాగా పేలింది కూడా.

అక్క హెడ్‌ఫోన్లు తగిలించుకుని ల్యాప్‌టాప్ బటన్ నొక్కింది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. దేవుడికి దండం పెట్టుకుంటోందేమో అనుకున్నాడు పెంగ్విన్. కాసేపటికి చకచకా మీటలు నొక్కింది. ఆగింది. ఇంకో రెండు మీటలు నొక్కింది. మళ్లీ ఆగింది. తరవాత ఒక్కసారి గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది.

ఆమె చదువుతున్నది సంఘం కరపత్రం. రాసింది ఇతనే. "ఈ సిస్టమ్ ఏ కంపెనీదీ కాదు, మనందరిదీ. ఇది ఎవరినీ బయట నిలబెట్టదు..." గొంతు స్వచ్ఛంగా, ఎక్కడా తడబాటు లేకుండా సాగుతోంది. పెంగ్విన్ గర్వంగా ఆమె వెనక్కి వచ్చి నిలబడి, యథాలాపంగా తెర వంక చూశాడు.

తెర మీద పాస్‌వర్డ్ అడిగే పెట్టె ఉంది. ఖాళీగా ఉంది. గీత ఒకటి కొట్టుకుంటోంది, అంతే. సిస్టమ్ ఇంకా తెరుచుకోనే లేదు.

అక్క రెండో వాక్యంలో ఉంది. హెడ్‌ఫోన్లలో ఆమెకి ఒక్క శబ్దం కూడా వినపడటం లేదు. ఆ పేజీ అంతా కంఠతా పట్టి వచ్చింది. వారం రోజులుగా బావ చదువుతుంటే విని, చిన్నపిల్లలు పద్యం బట్టీ పట్టినట్టు పట్టి ఉంటుంది. తమ్ముడి పరువు కోసం. పెంగ్విన్ ఇక్కడే ఆపేయవచ్చు. ఒక్క నిమిషం, సిస్టమ్ తెరుచుకోలేదు అంటే చాలు, కాస్త నవ్వుతారు, అయిపోతుంది. నోరు తెరిచాడు కూడా. ఆఫీసరు ముఖం చూశాడు. ఆవిడ కళ్లు చెమర్చి ఉన్నాయి. నోరు మూసుకున్నాడు.

అక్క పేజీ ఆఖరి దాకా చదివింది. చప్పట్లు మోగాయి. అధ్యక్షుడు లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆఫీసరు పక్కవాళ్లతో, ఇంక ఆలోచించేదేముంది అంటోంది. పెంగ్విన్ తల వంచి ఆ చప్పట్లు పుచ్చుకున్నాడు. ఎంగిలి కూడు చేత్తో అందుకున్నట్టు ఉంది, అయినా అందుకున్నాడు.

అప్పుడు చూపులేనివాళ్లలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. యాభై ఏళ్ల మనిషి, ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. రెండేళ్లుగా తానూ ఇదే సిస్టమ్ వాడుతున్నానని చెప్పుకున్నాడు. తరవాత నేరుగా అక్కనే అడిగాడు. "నాకు లాగిన్ దగ్గర గొంతు పలకదమ్మా. పాస్‌వర్డ్ ఎప్పుడు కొట్టాలో తెలీదు. మీరెలా దాటుతారు?"

పెంగ్విన్ మైకు అందుకున్నాడు. అది సెట్టింగుల్లో ఉంటుందండీ, తరవాత విడిగా చూపిస్తాను అన్నాడు. ఆపరేటరు మర్యాదగా నవ్వి, రెండేళ్లుగా అందరూ అదే చెబుతున్నారండీ అని కూర్చోబోయాడు.

"పలకదండీ," అంది అక్క. మైకు లేకపోయినా హాలంతా వినపడింది. "నాకూ పలకదు. బటన్ నొక్కాక నేను లెక్కపెట్టుకుంటాను."

"ఎంతదాకా?"

"నలభై."

"నాకు అరవై అయిదు," అన్నాడాయన. "నాది పాతది."

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. చుట్టుపక్కల కర్రలు పట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు, ఒకావిడ తనకి యాభై అంది. వాళ్లలో వాళ్లు లెక్కలు చెప్పుకుంటున్నారు. కళ్లున్న యాభైమంది మాత్రం బిగుసుకుపోయి కూర్చున్నారు. పెంగ్విన్‌కి ఇందాక కదిలిన పెదవులు గుర్తొచ్చాయి. మూడు నెలలుగా రోజూ పొద్దున ఆ గదిలో ఆమె అలా అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటోంది. రెండు నిమిషాల పని అది సరిచెయ్యడం. తెర ఆపేసి ఒక్కసారి తానే వాడి చూసి ఉంటే తెలిసిపోయేది. ఎప్పుడూ తెర ఆపలేదు. ఇవాళ తాను చేసిన అప్‌డేట్ వల్లే సిస్టమ్ తెరుచుకోవడం ఆలస్యమైందనీ, ఆమె నలభై అనేసరికి ఇంకా పాస్‌వర్డ్ పెట్టె రానే లేదనీ కూడా అప్పుడే తలకెక్కింది.

ఆఫీసరు నొసలు ముడిచింది. "ఇవాళ నలభైకి సరిగ్గానే తెరుచుకుందా మరి?" అని అక్కని అడిగింది.

అంతదాకా చెప్పిన మనిషి అక్కడ ఆగిపోయింది. ఆమె చెయ్యి ల్యాప్‌టాప్ అంచు మీద ఉంది, ముఖం తమ్ముడు నిలబడ్డ వైపు తిరిగింది. చెప్పమని కాదు, చెప్పొద్దని కాదు. నీ ఇష్టంరా అన్నట్టుంది.

మైకు ఇతని చేతిలోనే ఉంది. "తెరుచుకోలేదండీ," అన్నాడు. "ఆవిడ చదవలేదు. కంఠతా పట్టింది. నా కోసం పట్టింది. రెండో వాక్యం దగ్గరే నేను తెర చూశాను. చూసి కూడా చప్పట్లు కొట్టించుకున్నాను."

ఇక నోరు తెరిచాక దాచడం ఎందుకని మిగతాది కూడా చెప్పేశాడు. ఈ సిస్టమ్ వల్ల అక్క పని మూడో వంతుకి పడిపోయిందనీ, గురువారమే తనకి తెలుసనీ, తెలిసి కూడా ఇవాళ్టి దాకా ఆగమన్నాననీ. లినక్స్ చెడ్డదని నేననడం లేదండీ, స్కూల్లో ఆరేళ్లుగా ఆడుతోంది, కానీ అక్కకి ఎలా ఉందో నేను అడగలేదు అన్నాడు. ఆఫీసరు కాగితాలు సర్దుకుని, రెండు సిస్టములూ పెట్టి, వాడేవాళ్ల చేత నెల రోజులు వాడించాకే తేలుద్దామని ముక్తసరిగా చెప్పి లేచింది. అధ్యక్షుడు ఇతని వైపు చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు.

బావ బండి తేవడానికి వెళ్లాడు. అక్కాతమ్ముళ్లు హాలు మెట్ల దగ్గర నిలబడ్డారు. అక్క ఎప్పటిలాగే ఇతని మోచెయ్యి పట్టుకుంది. నలుగురిలో పరువు పోయింది, పోతే పోయింది, నిజం చెప్పేశాను కదా అని పెంగ్విన్‌కి లోలోపల కాస్త తేలిగ్గా కూడా అనిపిస్తోంది. సాయంత్రమే వచ్చి మార్చేస్తానక్కా, మాటల జాబితా కూడా నేనే కూర్చుని రాస్తాను అన్నాడు. అక్క ఊఁ అంది.

తరవాత అక్కే అడిగింది. "రెండో వాక్యం దగ్గరే చూశానన్నావు కదా."

"ఊఁ."

"నీకు తెలీదనుకున్నానురా. తెలీదనుకునే చదివాను. అంతమందిలో దొంగలా కూర్చుని, ఎక్కడ మాట తప్పుతానో, ఎవరు పట్టుకుంటారో అని వణుకుతూ చదివాను. నా తమ్ముడికి తెలీదు కదా, వాడు సంతోషంగా ఉన్నాడు కదా అనుకుంటూ చదివాను." ఆమె చెయ్యి ఇతని మోచేతి మీంచి జారింది. "తెలిసి కూడా చివరిదాకా ఎందుకు చదవనిచ్చావు?"

జవాబు అతని దగ్గర ఉంది. చప్పట్లు కావాలి, అందుకే. ఆ రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి, పైకి రాలేదు. అక్కకి తన ముఖం కనపడదని ఇన్నేళ్లుగా తెలిసినవాడు, అయినా తల ఎత్తలేక మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. బావ బండి తెచ్చి ఆపాడు. అక్క ఆ చప్పుడు వైపు చెయ్యి చాపి, ఒక్కతే మెట్లు దిగింది.